గట్టెక్కిన పడవ

పడవలు ఎక్కడ వుంటవి అని అడిగితే ఒకటో తరగతి పిల్లవాడు కూడా "నీళ్ళలో" అని చెపుతాడు. నేనూ అట్లాగే అనుకునేవాణ్ణి. కాని 2019వ సంవత్సరంలో, అమెరికా దేశంలో, సముద్రానికి 25 మైళ్ళ ఎడంగా, ఆవులు మేసే బీళ్ళ నడుమ వందలకొద్దీ పడవలు బారులు తీరి నేలమీద నిలబడి వుండటం చూచాను. వాటి తెరచాప కొయ్యలు దూరానికి కొమ్మలు నరికిన సరుగుడు తోపులాగా కనిపించినవి. అంత దూరం ఆ పడవలు ఎందుకు వస్తవో, మేము ఎందుకు పోవలసి వచ్చిందో చెపుతాను.

మా అబ్బాయి అప్పట్లో ఫ్లోరిడా రాష్ట్రంలో, తూర్పు తీరాన వున్న స్టూవర్ట్ అనే ఊళ్ళో వుండేవాడు. ఆ ఏడు జనవరి నుంచి మే దాకా నేను అతని దగ్గర వున్నాను. పొరుగింట్లో ఒక ముసలి దంపతులు వుండేవారు. భర్త ముప్ఫై ఏళ్ళు బడిపిల్లల బస్సు నడిపి విశ్రాంతి తీసుకున్నవాడు. నేను ముప్ఫై ఏళ్ళకు పైగా బడిపిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణి. మా ఇద్దరికీ మాటలు కలవటానికి ఇంకేం కావాలి? ఆయన నన్ను "మాస్టారూ" అని పిలిచేవాడు. ఆ మాట మా అబ్బాయి నేర్పాడు.

ఆయనకు ఒక తెరచాప పడవ వున్నది. పొడుగు 32 అడుగులు, బరువు సుమారు ఐదు టన్నులు. లోపల పడకలూ, చిన్న పొయ్యీ, మంచినీళ్ళ తొట్టీ వున్నవి. వారాల తరబడి అందులోనే కాపరం చేస్తూ సముద్రం మీద తిరగవచ్చు. అది కొయ్యతో చేసినది కాదు. గాజుతో తీసిన నారను జిగురులో తడిపి, పొరలు పొరలుగా అచ్చులో పేర్చి చేసినది. ఆ పడవ మీద బహామా దీవులకు పోయి రావాలని ఆ దంపతులకు ఎన్నో ఏళ్ళ నాటి కోరిక. ఆ దీవులలో గ్రాండ్ బహామా అనేది ఫ్లోరిడా తీరానికి సుమారు 60 మైళ్ళ దూరంలోనే వున్నది.

"ఈ వసంతకాలంలో పోకపోతే ఇక పోలేము, మాస్టారూ. నా మోకాళ్ళు ఇంకొక ఏడాది ఒప్పుకోవు," అన్నాడాయన.

అయితే ఆ ప్రయాణానికి ఒక గడువు వున్నది. ఆ ప్రాంతంలో జూన్ 1వ తేదీ నుంచి నవంబరు 30 దాకా తుపానుల కాలం. ఆలోగా పోయి రావాలంటే ఏప్రిల్‌లో బయలుదేరవలసిందే. కాని పడవ ప్రయాణానికి సిద్ధంగా లేదు.

ఎన్నో ఏళ్ళుగా నీటిలో నిలిచి వున్న పడవ అడుగు ఎట్లా వుంటుందో తెలుసునా? నాచు పడుతుంది, గట్టి గుల్లలు అంటుకుంటవి. అట్లా అంటుకోకుండా రాగి కలిసిన రంగు పూస్తారుగాని, ఆ రంగు కొంతకాలానికి అరిగిపోతుంది. గాజునార పొరల్లోకి నీరు మెల్లగా ఊరి, పైన పొక్కులు లేస్తవి. పడవ అడుగున నీరు తీసుకునే చిల్లులూ, వాటికి కంచు బిరడాలూ వుంటవి; అవి బిగుసుకుపోతవి. బిరడా విరిగితే నిమిషాల మీద పడవలోకి నీరు వస్తుంది. ఇవన్నీ బాగుచేయాలంటే పడవను నీటిలో నుంచి తీసి గట్టున నిలబెట్టాలి. అట్లా నిలబెట్టే స్థలాన్నే బోటు యార్డు అంటారు.

జనవరి నెలాఖరులో మేము యార్డుల వేట మొదలుపెట్టాము. ఆయన కారు నడిపాడు. ఆయన భార్యా, నేనూ వెనుక కూర్చున్నాము.

మొదటి యార్డు సముద్రతీరాన, నగరం మధ్య వున్నది. శుభ్రంగా, అద్దంలాగా వున్నది. కాని అక్కడి మేనేజరు, "పడవ మీది, పని మాత్రం మా మనుషులే చేయాలి. అడుగుభాగాన్ని మీరు ముట్టుకోకూడదు," అన్నాడు. నాకు కోపం వచ్చింది. తరువాత ఆలోచిస్తే ఆయన మాటలోనూ న్యాయం కనిపించింది. పాతరంగు గీకితే రాగి కలిసిన దుమ్ము లేస్తుంది. అది మనిషి ఊపిరితిత్తులకూ మంచిది కాదు, నదిలో చేపలకూ మంచిది కాదు. ఎవరైనా నిచ్చెన మీద నుంచి పడితే యార్డువారు కోర్టుకు పోవలసి వస్తుంది. ఏమైనా, కూలివాళ్ళ చేత చేయించే స్తోమత బస్సు నడిపినాయనకు లేదు.

రెండో యార్డువారు, "మీరే పని చేసుకోండి," అన్నారు. కాని అద్దె రోజు లెక్కన. రాత్రులు పడవలో పడుకోనివ్వరు. రంగు కూడా వాళ్ళ దుకాణంలోనే కొనాలట.

ఆ సాయంత్రం నేను నా నోటు పుస్తకంలో ఒక ప్రశ్నాపత్రం తయారుచేశాను. యజమాని తానే పని చేసుకోవచ్చునా? ఏ పనులు? సరుకులు బయట కొనుక్కోవచ్చునా? రాత్రులు పడవలో వుండవచ్చునా? అద్దెలో కరెంటూ, నీరూ కలిసి వున్నవా? పడవను ఎత్తటానికీ, అడుగు కడగటానికీ, ఊతలు పెట్టటానికీ, తిరిగి దించటానికీ విడిగా ఎంత? పోయేదారిలో నీటిలోతు ఎంత? వంతెనల ఎత్తు ఎంత? తుపాను వస్తే పడవను ఎట్లా కడతారు? వీటిలో ఒక్కటి అడగటం మరచినా చవక అనుకున్నది ప్రియమౌతుంది.

ఈ ప్రశ్నలకు మంచి మార్కులు తెచ్చుకున్న యార్డు లోతట్టున వున్న ఇండియన్‌టౌన్ అనే ఊళ్ళో దొరికింది. పేరు వినగానే మనవాళ్ళ ఊరేమోనని సంబరపడ్డాను. కాదు, అది సెమినోల్ అనే అమెరికన్ ఆదివాసులు ఒకప్పుడు సరుకులు మార్చుకున్న స్థలం. 1920 తరువాత వార్‌ఫీల్డ్ అనే రైల్వే కంపెనీ అధ్యక్షుడు అక్కడ పెద్ద నగరం కట్టాలని తలపెట్టాడుగాని 1927లో చనిపోయాడు. మరుసటి ఏడే పెనుతుపాను వచ్చింది. నగరం కాలేదు, నారింజతోటలతో, పశువుల బీళ్ళతో చిన్న ఊరుగానే వుండిపోయింది. సముద్రం కనిపించే చోట నేలకు వుండే ధర అక్కడి నేలకు లేదు. అందుకే అక్కడ యార్డు అద్దె తక్కువ.

మరి పడవ అక్కడికి పోయేది ఎట్లా? ఫ్లోరిడా నడుమ ఒకీచోబీ అనే పెద్ద సరస్సు వున్నది. వైశాల్యం 730 చదరపు మైళ్ళు. సగటు లోతు మాత్రం 9 అడుగులే. ఆ సరస్సు మీదుగా రాష్ట్రం తూర్పు తీరాన్నీ, పడమటి తీరాన్నీ కలుపుతూ 150 మైళ్ళ పైచిలుకు జలమార్గం వున్నది. అది 1937లో పూర్తి అయింది. స్టూవర్ట్ వైపు నుంచి ఆ దారి పట్టి పోతే ఇండియన్‌టౌన్ కాలువ ఒడ్డునే వస్తుంది.

ఫిబ్రవరి రెండో వారంలో ఒక ఉదయం ముగ్గురమూ పడవలో బయలుదేరాము. గుల్లలు పట్టిన పడవ ఎద్దుబండి కంటే కొంచెం జోరుగా పోయింది. కొన్ని గంటలకు సెయింట్ లూసీ లాకు వచ్చింది. ధవళేశ్వరంలో లాకులు చూచినవారికి దాని పద్ధతి కొత్త కాదు. పడవ లోపలికి పోగానే వెనుక తలుపులు మూసివేశారు. ముందు తలుపులు కొద్దిగా తెరిచారు; ఆ సందుగుండా కాలువ నీరు లోపలికి ఉరికింది. గోడ పైనుంచి వేలాడే తాళ్ళు పట్టుకుని నిలబడ్డాము. కొద్దిసేపట్లో పడవ సుమారు 14 అడుగులు పైకి లేచింది. ముసలమ్మ నీటిలోకి వేలు చూపింది. ఏనుగు తొండం లేకుండా నీటిలో పడుకున్నట్టుగా ఒక బూడిదరంగు జంతువు తేలి, గాలి పీల్చుకుని మునిగింది. దానిని మానటీ అంటారు. గడ్డీ, నాచూ తిని బతికే సాధుజంతువు. అదికూడా మాతోపాటే లాకులో పైమెట్టు ఎక్కింది!

కాలువ నీరు మంచినీరు. అందులోకి పోవటం వల్ల ఇంకొక మేలు వున్నది: ఉప్పునీటి గుల్లలు మంచినీటిలో చచ్చిపోతవి.

యార్డులో నాలుగు చక్రాల మీద నడిచే పెద్ద ఇనుప చట్రం వున్నది. దానికి వెడల్పాటి పట్టీలు రెండు వేలాడుతున్నవి. పట్టీలను పడవ కిందుగా దూర్చి, ఊయలలో బిడ్డను ఎత్తినట్టు ఎత్తారు. అడుగున చూస్తే పడవ గడ్డం పెంచిన సన్యాసిలాగా వున్నది. నీళ్ళ ధారతో కడిగి, మోసుకుపోయి, కొయ్యదిమ్మెల మీద నిలబెట్టి, చుట్టూ మూడుకాళ్ళ ఇనుప ఊతలు పెట్టారు. ఎదురెదురు ఊతలను గొలుసుతో కలిపారు. గొలుసు లేకపోతే ఊతలు మెల్లగా బయటికి జారి పడవ పక్కకు ఒరుగుతుంది.

మా కాకినాడ పక్కన తాళ్ళరేవులో కొయ్యపడవలు కట్టే పనివాళ్ళను నేను చిన్నతనంలో చూచాను. అక్కడ వడ్రంగులు పనిచేస్తే పడవ యజమాని చెట్టునీడన కూర్చునేవాడు. ఇక్కడ యజమానే వడ్రంగి, రంగులవాడు, కూలివాడు. పక్క పడవ కింద ఒక డాక్టరు ముఖాన ముసుగు వేసుకుని రంగు గీకుతున్నాడు. అవతల ఒకామె ఒంటరిగా ఇంజను విప్పుతున్నది. ఒకరికి లేని పనిముట్టు ఇంకొకరి దగ్గర దొరుకుతుంది. ఎండా, దోమలూ, ఎర్రచీమలూ అందరికీ సమానమే.

మాకు కుడిపక్క పడవను చూచి నేను ఆగిపోయాను. దాని ఊతలకు గడ్డి మొలిచింది. ఒక తీగ నిచ్చెన మీదుగా పాకి, పడవ పైకెక్కి, తెరచాప కొయ్యను చుట్టుకున్నది. దాని యజమాని పెద్దమనిషి, కలుపుగోలువాడు.

"మీరు వచ్చి ఎన్నాళ్ళయింది?" అని అడిగాను.

"మూడు వారాలని వచ్చాను. పదకొండేళ్ళయింది," అన్నాడు నవ్వుతూ.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. లెక్క వేసి చూచాను. సులువుగా వుండటానికి గుండు అంకెలు తీసుకుందాము. ప్రియమైన యార్డులో అడుగుకు రోజుకు 2 డాలర్లు అనుకుంటే, 32 అడుగుల పడవకు రోజుకు 64 డాలర్లు. 45 రోజులకు 2,880. చవక యార్డులో నెలకు 500 డాలర్లు అనుకుంటే 45 రోజులకు 750. ఎంత తేడా! కాని చవకే కదా అని ఆరు నెలలు వుంటే? 3,000 అవుతుంది. అంటే చవక యార్డు ప్రియమైన యార్డును మించిపోయింది! ప్రియమైన చోట రోజూ జేబుకు చిల్లు పడుతుంది గనక మనిషి పరుగెత్తి పని ముగిస్తాడు. చవక చోట "రేపు చూద్దాములే" అంటాడు. ఆ యార్డులో తీగలు పాకిన పడవలు ఎన్నో వున్నవి. ఒక్కొక్కటీ ఒకరి కోరికే.

మర్నాడు ఈ లెక్క చూపితే బస్సునాయన గంభీరంగా తల ఊపాడు. 45 రోజులకు పని విభాగం గీశాము, బడిలో టైంటేబిల్ మాదిరిగా. దానిని పడవలో గోడకు అంటించాము.

పదిరోజులు పాతరంగు గీకటంతోనే సరిపోయింది. దుమ్ము పీల్చే గొట్టం తగిలించిన యంత్రంతో గీకాలి, కింద గుడ్డ పరవాలి, ముసుగు తియ్యకూడదు. పొక్కులను గీకి, ఆరబెట్టి, జిగురుముద్దతో పూడ్చాము. ఇంజను ఆకుల పక్కన తగిలించే జస్తా ముక్కలు మార్చాము. ఈ ముక్కల సంగతి వినదగ్గది. ఉప్పునీటిలో రెండు వేరువేరు లోహాలు కలిసి వుంటే సన్నని విద్యుత్తు పుట్టి, వాటిలో ఒకటి కరిగిపోతుంది. కంచు కరగకుండా, దానికంటే సులువుగా కరిగే జస్తాను పక్కన పెడతారు. జస్తా తాను కరిగి కంచును కాపాడుతుంది. ఏటేటా కొత్త ముక్క పెడితే చాలు.

ఇరవయ్యో రోజున పెద్ద చిక్కు వచ్చింది. పక్క పడవ పెద్దమనిషి చిన్న సుత్తి తెచ్చి మా పడవను అక్కడక్కడా కొట్టి చూచాడు. పుచ్చకాయను కొట్టి చూచినట్టే. అంతటా "టక్, టక్" అన్నది. చుక్కాని దగ్గర మాత్రం "డబ్, డబ్" అన్నది. అడుగున చిన్న చిల్లు వేయగానే గోధుమరంగు నీరు కారటం మొదలుపెట్టింది. రెండు రోజులు కారింది. చుక్కాని లోపల కుళ్ళిపోయింది. సముద్రం నడుమ చుక్కాని విరిగితే ఇక పడవ గాలి చెప్పినట్టల్లా పోవలసిందే.

చుక్కానిని ఒకపక్క కోసి తెరిచి, కుళ్ళు తీసి, ఎండబెట్టి, మళ్ళీ నింపి, గాజునార పొరలు వేయాలి. కనీసం పదిహేను రోజుల పని. టైంటేబిల్‌లో పదిహేను రోజులు ఎక్కడ వున్నవి?

బస్సునాయన నిచ్చెన మెట్టు మీద చతికిలబడ్డాడు. "అయితే ఈ ఏడు లేదు. పడవను ఇక్కడే వుంచి వచ్చే ఏడు..." అన్నాడు. ఆయన చూపు తీగ పాకిన పడవ మీదికి పోయింది. నా చూపూ అక్కడికే పోయింది.

నాకు పరీక్ష హాలు గుర్తుకు వచ్చింది. "పిల్లలకు నేను ఎప్పుడూ చెప్పేది ఒకటే. తప్పనిసరి ప్రశ్నలు ముందు రాయండి, ఇష్టమైనవి తరువాత," అని, కాగితం మీద రెండు జాబితాలు వేశాను. ఒకటి పడవ మునగకుండా, దారి తప్పకుండా వుండటానికి కావలసినవి. రెండోది ముచ్చటకు కావలసినవి. చుక్కాని మొదటి దానిలోకి పోయింది; బిరడాలు, అడుగు రంగు కూడా. కొత్త పరుపులు, పైరంగు మెరుగు, తలుపుల వార్నీషు రెండోదానిలోకి పోయినవి. వంటపొయ్యి దగ్గర నా కలం ఆగింది. ముసలమ్మ కొత్త పొయ్యి కోసం రెండేళ్ళుగా డబ్బు కూడబెడుతున్నదని నాకు తెలుసు.

ఆమె నా చేతిలోనుంచి కలం తీసుకుని, తానే పొయ్యిని రెండో జాబితాలో రాసింది. "రొట్టె కాల్చుకోకపోతే చచ్చిపోము," అన్నది.

ఆ జాబితా వేశాక పనికి ఒక దారి ఏర్పడింది. పక్క పెద్దమనిషి తన పడవ పని మాని, చుక్కాని కోయటం, పొరలు వేయటం దగ్గర వుండి నేర్పాడు. పదకొండేళ్ళలో ఆయన నేర్చుకోని పని లేదు!

ఒక ఆదివారం నాడు మా అబ్బాయి మమ్మల్ని పది మైళ్ళ అవతల, సరస్సు గట్టున వున్న పోర్ట్ మయాకాకు తీసుకుపోయాడు. 1928 సెప్టెంబరు 16న వచ్చిన తుపానుకు ఆ సరస్సు మట్టికట్ట తెగి, కనీసం 2,500 మంది చనిపోయారు. వారిలో సుమారు 1,600 మందిని ఒకేచోట పూడ్చిన శ్మశానం అక్కడ వున్నది. ఆ తరువాతే సరస్సు చుట్టూ పెద్ద కట్ట కట్టారు. 1839 నవంబరులో ఉప్పెన వచ్చి మన కోరంగి రేవును ముంచివేసిన సంగతి నాకు గుర్తుకు వచ్చింది. స్టూవర్ట్ ప్రాంతానికి 2004 సెప్టెంబరులో మూడువారాల ఎడంతో రెండు తుపానులు వచ్చినవట. తుపానుల కాలంలో యార్డులో పడవలను నేలలో పాతిన లంగరులకు పట్టీలతో ఎందుకు కడతారో అప్పుడు నాకు బోధపడింది.

నలభై అయిదు రోజుల పని యాభై ఎనిమిది రోజులకు ముగిసింది. ఏప్రిల్ రెండో వారంలో ఇనుప చట్రం మళ్ళీ వచ్చి పడవను ఎత్తింది. నీటిలోకి దించాక కూడా పట్టీలు వెంటనే వదలరు. పడవ పట్టీలలో వుండగానే లోపల ప్రతి బిరడానూ చూడాలి. నన్ను పొయ్యి కింద వున్న బిరడా దగ్గర కూర్చోబెట్టి, చేతికి టార్చిలైటు ఇచ్చి, "కంటితో చూస్తే చాలదు, మాస్టారూ. వేలితో తడమండి," అన్నారు.

తడిమాను. పొడిగా వున్నది. ఇంకొకసారి తడిమాను. వేలికొసన చెమ్మ తగిలింది. చూస్తూవుండగా ఒక చుక్క తయారై జారింది.

"నీరు!" అని అరిచాను.

పడవను మళ్ళీ పైకెత్తారు. ఒక మర బిగించటం మరచినట్టు తేలింది. పావుగంట పని. పట్టీలు వదిలిన తరువాత ఆ చుక్క కంటపడివుంటే ఎంత కంగారు! రెండోసారి దించినప్పుడు నేను ఆ బిరడా దగ్గర అరగంటసేపు కూర్చున్నాను. వేలు పొడిగానే వున్నది.

గ్రాండ్ బహామా పోయేదారిలో గల్ఫ్ స్ట్రీమ్ అనే సముద్రప్రవాహం ఉత్తరంగా పోతుంది. ఉత్తరపు గాలి దానికి ఎదురైతే అలలు నిట్టనిలువుగా లేస్తవి. గాలి తిరిగేదాకా ఆ దంపతులు వారంరోజులు ఓపికపట్టి బయలుదేరారు. మే నెల మొదట్లో వారి దగ్గరనుంచి ఫోటో వచ్చింది. పచ్చని నీళ్ళూ, పాత పొయ్యీ, దానిమీద కాస్త మాడిన రొట్టెలూ!

యార్డు వదిలిన రోజున పక్క పడవ పెద్దమనిషి నా దగ్గరకు వచ్చి, కొంచెం సిగ్గుపడుతూ, "మాస్టారూ, నాకూ రెండు జాబితాలు రాసిపెడతారా?" అని అడిగాడు. ఆయన చెపుతూవుంటే నేను రాశాను. ముచ్చటకు కావలసినవి రెండు పుటలు వచ్చినవి. తప్పనిసరివి తొమ్మిదే వచ్చినవి.

మొదటిది, తీగ కొయ్యటం.